యాభై గ్రాముల మేవా

ముస్లింల ఇల్లు అనగానే తెలుగువాళ్ల కళ్లముందు కొన్ని వస్తువులు కదుల్తాయి. బిర్యానీ దేగ్చా. అత్తరు సీసా. బాదం పిస్తాలు తేలే షీర్ ఖుర్మా గిన్నె. సినిమాలు ఇట్లాగే చూపించాయి, కథలు ఇట్లాగే రాశాయి. మేమూ కాదనలేదు. ఈద్‌నాడు ఇంటికొచ్చిన దోస్తు ఒక చెంచా నోట్లో పెట్టుకుని 'నవాబుల తిండి నవాబులదే' అంటే నవ్వి ఊరుకున్నాం. ఆ నాలుగు బాదం పలుకుల కోసం ఆ ఇంటి ఆడమనిషి ఎన్ని దుకాణాలు తిరిగిందో, ఏ పొట్లం దగ్గర ఎన్ని గ్రాములు తగ్గించుకుందో వాళ్లు అడగలేదు, మేం చెప్పలేదు. బీదవాళ్లు అనిపించుకోవడం కంటే నవాబులు అనిపించుకోవడం నయం కదా! కానీ ఆ పేరు మాకు చాలా ఖరీదైంది. నవాబులకు రిజర్వేషన్లెందుకు, స్కాలర్‌షిప్పులెందుకు అని అడిగేవాళ్లకు మా గిన్నెను మేమే సాక్ష్యంగా చూపించినట్టయింది.

అందుకే మేవా గురించి రాస్తున్నాను. పెద్ద నగరంలో ఎండు పండ్లు, పప్పులు చవగ్గా ఎక్కడ దొరుకుతాయి, ఎట్లా కొనాలి అన్నది ఆడవాళ్ల ముచ్చటేగా అని పక్కన పెట్టకండి. మేమెవరమో ఆ ముచ్చట్లో ఉంది.

మా అబ్బా జనగామలో దర్జీ. మా ఇంట్లో మేవా అనే మాట ఇరవయ్యో రోజా దాటాకనే వినబడేది. ఈద్ బట్టల కుట్టు కూలి చేతిలో పడేది అప్పుడే. అమ్మీ నన్ను కూచోబెట్టి చీటీ రాయించేది. కాజు యాభై గ్రాములు. కిష్మిష్ యాభై. చిరోంజీ ఇరవై అయిదు. బాదం ఇరవై అయిదు. పిస్తా దగ్గర ఆగేది. కొంచెంసేపు ఆలోచించి 'రహ్‌నే దే' అనేది. అమ్మీకి ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. కిరాణా సేటుకు తెలుగు వచ్చు, ఉర్దూ అక్షరం రాదు. అందుకని నేను జీడిపప్పు, ఎండుద్రాక్ష, సారపప్పు అని రాసేదాన్ని. అమ్మీ నోట ఒక పేరు, నా పెన్సిల్ కింద ఇంకో పేరు, పొట్లంలో వచ్చేది ఒకటే సరుకు. తర్వాత బి.ఏ. చదివినా, పత్రికలో రెండు భాషల మధ్య అనువాదాలు చేసి బతుకుతున్నా, నాకు ఆ పని నేర్పింది ఆ చీటీలే.

షీర్ అంటే పాలు. ఖుర్మా అంటే ఖర్జూరం. ఫారసీ పేరులో ఉన్నవి ఆ రెండే. తక్కినవన్నీ ఎవరి జేబు కొద్దీ వాళ్లు వేసుకునేవి. ఈ లెక్కన పాలల్లో నాలుగు ఖర్జూరాలు, పిడికెడు సేమియా వేసి కాచినా అది షీర్ ఖుర్మాయే. కానీ ఏ పేదరాలికీ ఆ ధైర్యం ఉండదు. గిన్నె గడప దాటి పక్కింటికి పోతుంది. పక్కింటామె చెంచాతో కలిపి చూస్తుంది. ఏముందో, ఏం లేదో గల్లీకంతా తెలుస్తుంది. మా ఖాందాన్ల గొప్పలు కొలిచే తరాజు అదే. ఈ మాట నా వాళ్లకు కోపం తెప్పిస్తుందని తెలుసు. అయినా చెప్పాలి. గల్ఫ్ డబ్బున్న ఇంట్లో నికా జరిగితే మఖ్మల్ డబ్బాల్లో మేవా పంచుతారు. అది చూసి ఆటో నడుపుకునే అతను తన బిడ్డ నికాకు వడ్డీకి తెచ్చి పంచుతాడు. నికాను సులువు చేయమన్న మతంలో ఇదెక్కడి సంప్రదాయం?

పట్నంలో ఉద్యోగం దొరికి మల్లేపల్లిలో ఇల్లు తీసుకున్నాక మొదటి రంజాన్‌కి సూపర్ మార్కెట్‌కి వెళ్లాను. చల్లటి గాలి, మెరిసే ప్యాకెట్లు. ప్యాకెట్ మీద ధర పెద్ద అక్షరాల్లో, బరువు చిన్న అక్షరాల్లో. రెండొందల గ్రాముల ధరను అయిదుతో హెచ్చవేసి చూసుకుంటే గానీ కిలో ఎంత పడుతోందో తెలియలేదు. ఉత్త చేతుల్తో బయటికొచ్చాను. ఇంటి యజమానురాలు నవ్వి 'బేగంబజార్ జావ్ బేటీ' అంది. ఆ రోజు నుంచి నా మేవా అంతా అక్కడిదే.

బేగంబజార్ పేరులోనే ఒక ముస్లిం స్త్రీ ఉంది. రెండో ఆసఫ్‌జా నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం ఈ జాగాను వ్యాపారులకు ఇచ్చిందని, అందుకే ఆ పేరని చెప్తారు. బేగం పేరున్న బజారులో దుకాణాలు ఎక్కువగా మార్వాడీ, అగర్వాల్, గుజరాతీ సేట్లవి. బస్తాలు మోసే హమాలీల నోట తెలుగు. బేరమంతా దక్కనీలో. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి నడిచిపోతే, ఇత్తడి గిన్నెల దుకాణాలు, మసాలా ఘాటు, తోపుడు బండ్లు దాటాక గోనెసంచుల నోళ్లు విప్పి పెట్టిన మేవా గల్లీలు వస్తాయి. అక్కడ అద్దాల్లేవు. చేత్తో తీసి, కొరికి చూసి కొనొచ్చు. సేటు ఏమీ అనుకోడు. కొరకకుండా కొనేవాళ్లను చూస్తేనే నవ్వుకుంటాడు.

ఇరవై ఏళ్లుగా అక్కడ నేర్చుకున్నది నాలుగు ముక్కల్లో చెప్తాను. ఎవరికైనా పనికొస్తుంది.

కాజు మీద నంబర్లుంటాయి. 180, 240, 320. అంటే ఒక పౌనుకు, మన లెక్కలో 454 గ్రాములకు, సుమారుగా అన్ని పప్పులు తూగుతాయని. నంబరు పెరిగే కొద్దీ పప్పు చిన్నది, ధర తక్కువ. గుండు కంటే బద్ద చవక, బద్ద కంటే ముక్క చవక. రుచి అన్నింటిదీ ఒకటే. ఎట్లాగూ తరిగి వేసేదానికి గుండు ఎందుకు? ఎదుటివాళ్లకు చూపించడానికి తప్ప! బాదంలో మమ్రా అనే రకం ఉంది. ఇరాన్, అఫ్ఘనిస్తాన్ల నుంచి వచ్చేది, ధర వింటే కళ్లు తిరుగుతాయి. నానబెట్టి పొట్టు తీసి పాలల్లో ఉడికించేదానికి మామూలు అమెరికా బాదం చాలు. తరిగిన బాదం, తరిగిన పిస్తా కొనకూడదు. పల్లీకి ఆకుపచ్చ రంగు వేసి పిస్తా అని అమ్మే మోసం ఉంది. గోరువెచ్చటి నీళ్లలో వేస్తే రంగు దిగుతుంది. కిష్మిష్ మరీ మెరుస్తుంటే నూనె పూశారని అర్థం. చిరోంజీ తొందరగా కనరు వాసన వస్తుంది, ముక్కు దగ్గర పెట్టుకోకుండా తీసుకోవద్దు. ఖర్జూరంలో అజ్వా మదీనాది, మా ఇళ్లల్లో బర్కత్‌గా ఒక్కొక్కటి పంచుకుంటాం. రోజా విడవడానికి ఇరాక్ నుంచి వచ్చే జాహిదీ చాలు, విడిగా తూచి అమ్ముతారు.

అన్నిటికంటే ముఖ్యమైనది కాలం. రంజాన్ ఆఖరి పది రోజుల్లోనూ దీపావళి ముందూ ఆ గల్లీలకు పోతే జేబు తెగుతుంది. షాబాన్ నెలలోనే కొనిపెట్టుకోవాలి. నాసిక్, సాంగ్లీ, విజయపుర దిక్కు కొత్త కిష్మిష్ మార్చి, ఏప్రిల్‌లలో దిగుతుంది. అప్పుడు కొని డబ్బాలో పోసి పెట్టుకుంటే ఏడాదంతా నిశ్చింత. కానీ ముందే కొనాలంటే ముందే డబ్బులుండాలి. నెల జీతం వచ్చే నాకు అది కుదురుతుంది. రోజు కూలి తెచ్చుకునే మా గల్లీ ఆడవాళ్లకు కుదరదు. వాళ్లు పండుగ ముందు రోజు, ధర కొండెక్కిన రోజే, యాభై గ్రాముల లెక్కన కొంటారు. కిలో లెక్కన చూస్తే ఈ నగరంలో మేవాకు అందరికంటే ఎక్కువ చెల్లించేది వాళ్లే. బీదతనానికి ఉన్న పన్ను ఇది. బాదం, పిస్తాల మీద 12 శాతం ఉన్న జి.ఎస్.టి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం అయింది. మంచిదే. ఈ రెండో పన్నును ఏ ప్రభుత్వం తగ్గిస్తుంది?

అందుకే మేం కొందరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. మా బిల్డింగ్‌లో ఏడెనిమిది ఇళ్ల ఆడవాళ్లం నెలకు కొంత వేసుకుని షాబాన్‌లో ఒకేసారి కిలోల్లో తెస్తాం. వంటింటి తరాజులో వాటాలు వేసుకుంటాం. కింది వాటాలో ఉండే క్రైస్తవ నర్సు క్రిస్మస్ కేకు కోసం చేరింది. ఎదురింటి మాస్టారుగారి భార్య దసరా పాయసానికి చేరింది. మా ఖాలా ఒకామెకు లెక్కలు నోటికే వస్తాయి. సంతకం రాదు. ఖజానా ఆమె దగ్గరే ఉంటుంది. ఇంతవరకు పైసా తేడా రాలేదు.

ఇంకోమాట. బాదం లేకపోతే మా వంట ఆగిపోతుందనుకోవడం కూడా నవాబు కథే. మా ఇళ్లల్లో ఖుర్మాకు కాజు దొరకనప్పుడు చార్ మగజ్ నూరి వేస్తారు. పుచ్చ, కర్బూజ, దోస, గుమ్మడి గింజల పప్పు అది. ఖుబానీ మీఠా చేసిన రోజు గింజలు పారేయరు. పిల్లలు గుమ్మంలో కూచుని రాయితో పగలగొడితే లోపల చిన్న బాదంలాంటి పప్పు వస్తుంది. అది మీఠా మీదికి. బగారా బైంగన్, మిర్చీ కా సాలన్ చూడండి. హైదరాబాద్ గొప్పదనమని దేశమంతా మెచ్చుకునే ఆ రెండింట్లో ఉండేది పల్లీ, నువ్వులు, ఎండు కొబ్బరి, చింతపండు. తెలంగాణ పొలం గట్ల మీదివి. మా వంట ఇక్కడి మట్టిలో ఎంత దిగబడి ఉందో చెప్పడానికి చరిత్ర పుస్తకం అక్కర్లేదు, సాలన్ గిన్నె చాలు.

ఇక మేవా ఎక్కడిదన్న ప్రశ్న. 'మీ మేవా', 'మీ తురకల తిండి' అంటారు కదా. ఒక్కొక్క పొట్లం విప్పి చూద్దాం. బాదం కాబూల్‌దని పాత కథల్లో విన్నాం. ఇప్పుడు ప్రపంచంలో నూటికి ఎనభై పాళ్ల బాదం పండేది అమెరికాలోని కాలిఫోర్నియాలో. కాజు పలాసది. శ్రీకాకుళం జిల్లా ఆడవాళ్లు జీడి నూనెకు వేళ్లు కాలుతున్నా ఒలిచి పంపినది. ఆ చెట్టునేమో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చారు. చిరోంజీ మన అడవుల్లోది. మొర్రి పండ్లు ఏరి, గింజ పగలగొట్టి ఆదివాసీలు తెచ్చే సారపప్పు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కొనే అడవి సరుకుల్లో అదీ ఒకటి. కిష్మిష్ మరాఠా రైతుది. అంజీర్ అఫ్ఘనిస్తాన్‌ది. ఇందులో తురక సరుకు ఏది, హిందూ సరుకు ఏది?

పేర్లు చూద్దామా? కిష్మిష్ ఫారసీ మాట. అది తెలుగులో కిస్మిస్ అయి తిరుమల లడ్డూలో కూచుంది. అక్కడ ఎవరికీ పరాయిదిగా అనిపించదు. అనిపించకూడదు కూడా. బాదం, పిస్తా అన్న మాటలు కూడా ఫారసీవే. వాటికి తెలుగులో వేరే పేరు వాడేవాళ్లను నేను చూడలేదు. మరి ఖర్జూరం సంస్కృతం. మా దస్తర్‌ఖాన్ మీద మొదట చెయ్యి వేసేది దాని మీదే. మాటలు ఇంత హాయిగా ఇళ్లు మారాయి. మనుషులకే అద్దె ఇల్లు దొరకదు.

ఎండు ఖర్జూరం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఉర్దూలో ఛుహారా. నికా ఖుత్బా అయ్యాక పంచేది అదే. మన దేశానికి ఎండు ఖర్జూరంలో ఎక్కువ భాగం చాలా కాలం సింధ్‌లోని ఖైర్‌పూర్ దిక్కు నుంచి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో పుల్వామా తర్వాత పాకిస్తాన్ సరుకుల మీద 200 శాతం సుంకం వేశారు. 2025 మే 2న దిగుమతినే పూర్తిగా నిషేధించారు. మధ్యలో 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ చేతికి పోయినప్పుడు అంజీర్, ఖుబానీ ధరలు పెరిగాయి. ఎక్కడ తుపాకీ పేలినా బేగంబజార్‌లో తరాజు కదుల్తుంది. ఆ కదలికతో పాటు మమ్మల్ని చూసే చూపు కూడా మారుతుంది.

2025 మే నెల నడిమి సంగతి. పహల్గాంలో అమాయకుల్ని చంపి నెల కాలేదు. సరిహద్దులో కాల్పులు అప్పుడప్పుడే ఆగాయి. అదే నెలలో శంషాబాద్‌లో కరాచీ బేకరీ మీద దాడి చేశారు. దేశ విభజన తర్వాత సింధ్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన హిందూ కుటుంబం 1953లో హైదరాబాద్‌లో పెట్టుకున్న బేకరీ అది. పోగొట్టుకున్న ఊరి పేరు పెట్టుకోవడమే వాళ్ల నేరమైంది. అలాంటి రోజుల్లో మా చెల్లెలి కొడుకు నికాకు ఛుహారాలు కొనడానికి వెళ్లాను. ఎప్పటిలాగే బుర్ఖాలో వెళ్లాను. దుకాణంలో నా పక్కన ఒక పెద్దావిడ. యాదగిరిగుట్ట దిక్కు నుంచి బిడ్డ పెళ్లి సామాను కొనడానికి వచ్చింది. సంచిలోంచి ఒక ఎండు ఖర్జూరం తీసి పట్టుకుని అడిగింది.

"సేటూ, గివి పాకిస్తాన్‌వి గాదు గద?"

అడిగింది సేటును. చూసింది నన్ను.

"పాకిస్తాన్ మాల్ బంద్ అమ్మా. అందుకే రేటు గిట్లుంది" అన్నాడు సేటు, తల ఎత్తకుండా.

రేటు చెప్పాడు. ఇద్దరం ఒకేసారి "అమ్మో" అన్నాం. ఆమె కాసేపు గొణుక్కుని, "ఒడిబియ్యంల కుడుకలు, పోకలు, పసుపుకొమ్ములు అన్నీ వెట్టి ఖర్జూరాలు లేకుంటె ఎట్ల? బిడ్డ ఒడి బోసిగుంటది గద" అంది. తర్వాత నా వైపు తిరిగి, "మీకెందుకు బిడ్డా గిన్ని?" అని అడిగింది.

"నికా అయినంక అందరికీ పంచుతం పెద్దమ్మా. అవి లేకుంటె మాకూ పెండ్లయినట్టుండది" అన్నాను.

"గట్లనా! మేం ఒళ్లె వోస్తం, మీరు పంచుతరు" అంది. ఆ తర్వాత ఇద్దరం కలిసి తీసుకుంటున్నాం కాబట్టి ధర తగ్గించమని నేను బేరం పెట్టాను. ఆమె గొంతు కలిపింది. సేటు కొంచెం తగ్గించాడు. ఒకే సంచిలోంచి తూచిన సరుకు రెండు పొట్లాలుగా రెండు పెళ్లిళ్లకు పోయింది.

ఇది చెప్పి హిందూ ముస్లిం భాయీ భాయీ అని ముగించడం నాకు తేలిక. కానీ ఆమె మొదట చూసిన చూపు నిజం. తర్వాత కలిసి చేసిన బేరమూ నిజం. ఒకదాని కోసం ఇంకోదాన్ని కొట్టేయలేను. ఆ చూపును ఆమె ఇంటి నుంచి తేలేదు. టీవీ ఇచ్చింది, ఫోన్లో తిరిగిన మాటలిచ్చాయి. బేరం మాత్రం ఆమె సొంతం. ధర మండినప్పుడు పక్కనున్న మనిషి చెయ్యి కలుపుకోవడం బీదవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

సెక్యులర్ మిత్రులకు ఒక మనవి. మీరు మా మీద ప్రేమతోనే 'ఈద్‌కి బిర్యానీ ఎప్పుడు, షీర్ ఖుర్మా ఎప్పుడు' అంటారు. ఆ ప్రేమను కాదనను. కానీ 2006 నవంబర్‌లో సచార్ కమిటీ చదువుల్లో, ఉద్యోగాల్లో, బ్యాంకు అప్పుల్లో మేం ఎంత వెనకబడి ఉన్నామో లెక్కలతో రాసి ఇచ్చింది. ఆ లెక్క చదివినవాళ్ల కంటే మా బిర్యానీ తిన్నవాళ్లే ఎక్కువ. మా పండుగకు వచ్చినట్టే పండుగ ముందు రోజుకూ రండి. యాభై గ్రాముల పొట్లాల దగ్గర నిలబడే మా ఆడవాళ్లను చూడండి.

నా వాళ్లకు కూడా ఒక మాట. ఖుర్మాలో పిస్తా లేకపోతే మన ఈమాన్ తగ్గదు. ఖాందాన్ పరువు కాజు గుండులో లేదు. నికాకు మఖ్మల్ డబ్బాలు మానుదాం. తలా ఒక్క ఛుహారా పంచుదాం, చాలు. మిగిలిన డబ్బు ఆడపిల్ల కాలేజీ ఫీజుకు పనికొస్తుంది.

మా బిల్డింగ్ చందా పుస్తకంలో ఈమధ్య ఇంకో రెండు పేర్లు చేరాయి. ఒకామె ఆటో డ్రైవర్ భార్య. ఇంకొకామె అపార్ట్‌మెంట్లలో గిన్నెలు తోముతుంది. నెలనెలా ఇంత అని వెయ్యలేమన్నారు. వారానికి ఇరవై రూపాయలు తీసుకుందామని ఖాలా చెప్పింది. వచ్చే షాబాన్‌లో వాళ్లకు కూడా కిలో రేటే పడుతుంది.